చివర వచ్చిందే అసలు

జూన్ 2, మంగళవారం

అక్క చెవి మిషన్ మీంచి కారు వెళ్ళిపోయింది.

వేరే ఎవరిదో కారయితే ఇంత ఉక్రోషం ఉండేది కాదు. డ్రైవింగ్ స్కూల్లో అక్క నేర్పే కారే. కొత్తగా చేరిన నర్సమ్మకు రివర్స్ నేర్పుతూ, వెనక టైరు ఎక్కడుందో చూద్దామని దిగి వంగిందట. చెవి వెనక పెట్టుకునే ముక్క జారి కింద పడింది. అది ఊడిన క్షణం నుంచి అక్కకు హారనూ లేదు, కేకా లేదు. నర్సమ్మ పాపం చెప్పినట్టే నిదానంగా వెనక్కి వచ్చింది. ఇంటికొచ్చాక అక్క ఆ సంగతి వీధి మొత్తానికి వినపడేలా చెప్పింది. మిషన్ లేకపోతే దాని గొంతు దానికే వినపడదు.

"రివర్స్ మాత్రం గీత గీసినట్టు చేసిందే. ఎక్కడా వంకర పోలేదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాను. తొమ్మిదేళ్ళ కిందట ఆపరేషన్ చేసి తల లోపల పెట్టిన భాగం భద్రంగానే ఉంది. పోయింది బయట ముక్కే. రేపు రిపేరావిడ దగ్గరికి తీసుకెళ్ళాలి. చిన్న పనే అయి ఉంటుంది.

శనివారం కాలమ్‌కు విషయం దొరికింది: పిల్లల ఫోన్లకు వయసు తనిఖీ చట్టం. పన్నెండేళ్ళ పిల్ల పుట్టిన సంవత్సరం మార్చి నొక్కడానికి మూడు సెకన్లు పడుతుంది, ఈ చట్టం రాయడానికి మూడేళ్ళు పట్టింది. ఇదే మొదటి వాక్యం. బాగుంది.


జూన్ 3, బుధవారం

గడియారాల కొట్టు వెనక గది. కిటికీ కింద పొడుగాటి బల్ల, భూతద్దం బిగించిన దీపం, అగ్గిపెట్టెల నిండా స్క్రూలు, ఒక్కో పెట్టె మీద పెన్సిల్‌తో ఒక్కో కంపెనీ పేరు. రిపేరావిడకు అరవై దాటి ఉంటాయి. అక్క మిషన్‌ను అరచేతిలో పోసుకుని (పోసుకోవడమే, పొడి అయిపోయింది మరి) ఇది పోయింది లెండి అంది. తర్వాత సొరుగు లాగి, అచ్చం అలాంటిదే ఇంకొకటి తీసి బల్ల మీద పెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఉంది కదా, పెట్టేయండి మరి అన్నాను. పెట్టడానికి లేదట. ఎవరి తలకు తగ్గట్టు వాళ్ళకు ఈ మిషన్‌లో అమరికలు ఉంటాయి. అక్కవి కంపెనీ దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిని ఈ ముక్కలోకి ఎక్కించాలంటే కంపెనీ కోడ్ కొట్టాలి. ఆ కంపెనీని పోయినేడు ఇంకో కంపెనీ కొనుక్కుంది. కొన్నవాళ్ళకు పాత మోడల్ అక్కర్లేదు. ఉత్తరానికి జవాబు లేదు, ఫోన్ ఎత్తరు. ఈ నెల ముప్ఫైతో ఆ మోడల్ అమరికలన్నీ చెరిపేస్తామని నోటీసు మాత్రం పెట్టారు. చెరిపేశాక ఈ ముక్క చొక్కా గుండీతో సమానం. కొత్త మోడల్ పెట్టాలంటే తల మళ్ళీ తెరవాలి. అక్క గుండెకు ఇంకో ఆపరేషన్ తట్టుకునే ఓపిక లేదని డాక్టరు ఎప్పుడో చెప్పాడు.

"మిషన్ మీది, తల మీది, తాళం వాళ్ళది," అంది రిపేరావిడ. "ఆ తాళాల నిబంధన వస్తే తప్ప దారి లేదమ్మా."

నాకు వివరించబోయింది. అమ్ముకుని వదిలేసిన కంపెనీ తన కోడ్‌లు లైసెన్సున్న రిపేరువాళ్ళకు అప్పగించి తీరాలి, అప్పగించేదాకా సేవ మూసేయడానికి వీల్లేదు, అదీ నిబంధన. నాకు తెలుసన్నాను.

"వస్తుందో రాదో. పేపర్లో ఎవరో మహాతల్లి రాసింది చూశారా, మార్చిలో? స్క్రూడ్రైవర్ల సర్కారు అని. ఆవిణ్ణి వచ్చి ఈ బల్ల దగ్గర ఒక్క స్క్రూ తిప్పమనండి చూద్దాం."

అగ్గిపెట్టెల మీది పేర్లు చదువుతూ నిలబడ్డాను. అక్క నన్నూ ఆవిడనూ మార్చి మార్చి చూసి, ఏమంటోందని గట్టిగా అడిగింది. నోటుపుస్తకంలో రాసి చూపించాను: కొంచెం టైం పడుతుందట.


జూన్ 4, గురువారం

మార్చి కాలమ్ తీసి చదివాను. ఎలా చూసినా బాగా రాసిన కాలమ్. వాదనలో తప్పు లేదు. ప్రతి యంత్రంలోకీ ప్రభుత్వం స్క్రూడ్రైవర్ దూరిస్తే కొత్త యంత్రం చేసే దమ్ము ఎవరికి ఉంటుంది? ఆ మధ్య ప్రతి వెబ్‌సైటూ అనుమతి అడగాలని చట్టం తెచ్చారు. ఏమైంది? లోకమంతా చదవకుండా 'సరే' నొక్కడం నేర్చుకుంది. తర్వాత యంత్రం రాసిన ప్రతి రాత మీదా చీటీ అంటించాలన్నారు. ఇప్పుడు పంచాంగం నుంచి పళ్ళపొడి డబ్బా దాకా అన్నిటి మీదా ఆ చీటీ ఉంది, చూసే కన్ను లేదు. నిబంధనలు రాసేవాళ్ళకు స్క్రూ తిప్పడం రాదు. ఇది నేను ఆరేళ్ళుగా చెబుతున్న మాట.

పైగా ముసాయిదా మొత్తం చదివే రాశాను.


జూన్ 5, శుక్రవారం

మొత్తం అంటే, ముఖ్యమైన పేజీలు.


జూన్ 6, శనివారం

వయసు తనిఖీ కాలమ్ అచ్చయింది. మూడు సెకన్లు, మూడేళ్ళు వాక్యానికి పొట్ట చెక్కలైందని ఎడిటరు గారు ఫోన్ చేశారు. అక్క చదవలేదు. ఎప్పుడూ చదవదు. నీ గోల రోజూ ఇంట్లో వింటూనే ఉన్నా కదా అంటుంది. ఇప్పుడు అదీ లేదు.


జూన్ 9, మంగళవారం

ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని తెలియదు. పద్నాలుగేళ్ళుగా ఇద్దరం ఒకే కప్పు కింద ఉంటూ ఏదో ఒకదానికి కీచులాడుకుంటూనే ఉన్నాం. నోటుపుస్తకంలో కీచులాడలేం. కోపంగా ఒక వాక్యం రాసేలోపు కోపం చల్లారిపోతుంది. గుడ్లు ఎక్కువ ఉడికాయని నిన్న పేజీ నిండా రాసి, అంతలో దాని మొహం చూసి, కొట్టేశాను.

డ్రైవింగ్ స్కూలు ఓనరు మంచివాడే. నెలాఖరు దాకా ఆఫీసులో కూర్చుని ఫారాలు నింపమన్నాడు. జూలైలో అక్క లైసెన్సు మళ్ళీ రాయించుకోవాలి. దానికి చెవి పరీక్ష కాగితం కావాలి. అది లేకపోతే పంతొమ్మిదేళ్ళ పని అక్కడితో సరి. పదకొండు మంది ఆడవాళ్ళు ఈమె దగ్గరే నేర్చుకుంటామని పట్టుబట్టి కూర్చున్నారట. అక్క ఇంజను విని నేర్పుతుంది. "గేరు కంటికి కనపడదే, చెవికి కనపడుతుంది," అంటుంది ఎప్పుడూ. ఇవాళ సాయంత్రం వాకిట్లో ఆగి ఉన్న మా కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, ఇంజను ఆడుతుంటే చాలాసేపు నిలబడింది. నేను కిటికీలోంచి చూశాను. పిలిచినా వినపడదు.


జూన్ 10, బుధవారం

నాలుగు పేజీలు. నూట పన్నెండులో నాలుగు. అందులోనూ ఒకటి విషయసూచిక.


జూన్ 11, గురువారం

తాళాల నిబంధన మీద కమిషన్ విచారణ టీవీలో నేరుగా చూపించారు. తొమ్మిది మంది సభ్యులు, అర్ధచంద్రంలా బల్ల, ఒక్కొక్కరి ముందూ ఒక గ్లాసు నీళ్ళు. అక్క కూడా వచ్చి కూర్చుంది. కింద అక్షరాలు పడుతున్నాయి, చదువుకుంటోంది. మనకు కావలసిందే కదా అని నా మోకాలి మీద తట్టింది.

కంపెనీల తరఫు లాయరు లేచాడు. దువ్విన జుట్టు, దువ్విన గొంతు. వినియోగదారులు కూడా ఈ నిబంధనను కోరుకోవడం లేదు, చదువుకున్న ఒక రచయిత్రి ఏమన్నారో వినండి అంటూ కాగితం విప్పాడు. నా వాక్యాలే. కామాలతో సహా నావే. బయటివాళ్ళ నోట వింటే మన వాక్యం ఇంత వెటకారంగా ఉంటుందా! ఇద్దరు సభ్యులు నవ్వారు. 'స్క్రూడ్రైవర్ల సర్కారు' అని తెర కింద అక్షరాలు పడ్డాయి. తర్వాత పత్రిక పేరు పడబోతోంది.

టీవీ ఆగిపోయింది. రిమోట్ చెయ్యి జారింది.

మళ్ళీ పెట్టేసరికి వేరే ఎవరో మాట్లాడుతున్నారు. అక్క రిమోట్ నా చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. లేచి వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చింది, ఇద్దరికీ.


జూన్ 12, శుక్రవారం

రిమోట్ చెయ్యి జారింది. అంతే.


జూన్ 16, మంగళవారం

భోజనాల దగ్గర అక్క నోటుపుస్తకం నా ముందుకు తోసింది. నోరుండగా అది రాయడం ఎందుకో తెలియలేదు. 'ఆ రూలు వస్తుందంటావా?'

రాశాను: 'వస్తుంది. ఆరుగురు ఔనంటారు, ముగ్గురు కాదంటారు. అందరూ అదే అనుకుంటున్నారు.'

'నువ్వేమంటావు?'

ఆ ప్రశ్న కింద రెండుసార్లు ఏదో రాసి కొట్టేశాను. చివరికి 'నాకు ఓటు లేదు' అని రాశాను. చదివి, పుస్తకం మూసి, నీళ్ళ జగ్గు నా వైపు జరిపింది. నాకు దాహంగా లేదు.


జూన్ 18, గురువారం

ఈ వారం ఆ నిబంధనకు అనుకూలంగా ఒక మాట రాయకూడదా అని ఎడిటరు గారు అడిగారు. అక్క సంగతి ఆయనకు తెలియదు. పాఠకుల ఉత్తరాలు వస్తున్నాయట, అందుకని. నేను ఒప్పుకోలేదు. ఆరేళ్ళు ఒక మాట మీద నిలబడ్డ మనిషి సొంత ఇంట్లో కష్టం రాగానే ప్లేటు ఫిరాయిస్తే లోకం ఏమంటుంది? సూత్రం ముఖ్యం.

సూత్రం అని రాశాను. రాసి చూసుకున్నాను. బాగానే ఉంది చూడ్డానికి.

డ్రైవరు లేని కార్ల మీద రాసి పంపించాను. ఏ రోడ్డు మీదకు రానివ్వాలో, తప్పు జరిగితే ఎవరిని పట్టుకోవాలో ఇంకా ఎవరూ తేల్చలేదు. ఇక్కడ మాత్రం నిబంధనలు కావాలని వాదించాను. అక్క ఫారాలు నింపి నింపి వేళ్ళకు సిరా పూసుకుని వచ్చింది. ఏం రాశావని అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు.


జూన్ 20, శనివారం

నూట పన్నెండు పేజీలూ చదివాను. రెండు రోజులు పట్టింది. చాలా చోట్ల చెత్త. పద్నాలుగో క్లాజు ప్రకారం రిపేరువాళ్ళు ప్రతి మిషన్‌కూ మూడు ప్రతుల ఫారం నింపాలట, స్క్రూ ఏ పక్కకు తిప్పారో కూడా రాయాలేమో. కానీ ముప్ఫై ఎనిమిదో పేజీలో ఉన్న ఆరు లైన్లు మాత్రం మా అక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టున్నాయి.

మార్చిలో ముప్ఫై ఎనిమిదో పేజీ దాకా వెళ్ళి ఉంటే? విషయసూచికలో ఉంది, 'శరీరంలో అమర్చిన పరికరాలు' అని. విషయసూచిక చదివాను కదా.


జూన్ 24, బుధవారం

శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఓటింగ్. ఎనిమిదింటికి మా పేజీ మూసేస్తారు. ఎప్పటిలాగే రెండూ రాసి ఉంచమన్నారు ఎడిటరు గారు: నిబంధన వస్తే ఒక కాలమ్, రాకపోతే ఇంకో కాలమ్. ఎన్నికలకీ, తీర్పులకీ మా దగ్గర ఇదే పద్ధతి. మేం వాటిని 'అయితే', 'కాకపోతే' అంటాం. రెండిటికీ ఒకే శీర్షిక, ఒకే కొలత, ఫైలు పేరు కూడా ఒకటే. ఫలితం తేలగానే కావలసింది మళ్ళీ పంపాలి. పేజీలాయన దాన్ని తీసి పెట్టేస్తాడు.

పేజీలాయన అంటే ఇరవై రెండేళ్ళుగా మా ఆరో పేజీ పెడుతున్న మనిషి. చదవడు. 'చదవడం మీ పని, పట్టించడం నా పని' అంటాడు. ఆయన కుర్చీ వెనక గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది. అంచులు పసుపు పచ్చబడ్డాయి, అక్షరాలు ఇంకా నల్లగానే ఉన్నాయి: చివర వచ్చిందే అసలు. ఆయన వచ్చిన కొత్తలో ఏదో గొడవ జరిగిందట. అప్పటినుంచి ఏ ఫైలు ఆఖరున వస్తే అదే అచ్చు. ఫోన్లో చెబితే వినడు, బతిమాలితే వినడు. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే ఆ కాగితం చూపిస్తాం. నాకూ చూపించారు.

ఆరుగురు ఔను, ముగ్గురు కాదు. 'కాకపోతే' ఉత్త లాంఛనం. అదెవరూ చదవరు.


జూన్ 25, గురువారం

రెండూ అయిపోయాయి, ముందే పంపి ఉంచాను.

'అయితే'కి నాలుగు గంటలు పట్టింది. నిబంధనను జాగ్రత్తగా స్వాగతించాను. అమలు మీద అనుమానాలు వ్యక్తం చేశాను. నేను మొదటినుంచీ వ్యతిరేకించింది నిబంధనను కాదని, దాని భాషను అని ఒక పేరా రాశాను. ఎవరైనా మార్చి కాలమ్ తెచ్చి పక్కన పెట్టినా దొరకనంత నున్నగా వచ్చింది. పాము కూడా జారిపడుతుంది దాని మీద.

'కాకపోతే'కి ఇరవై నిమిషాలు. ఎవరూ చదవరు కదా, కొట్టివేతల్లేకుండా రాసుకుంటూ పోయాను. రాశాక లేచి మొహం కడుక్కున్నాను.


జూన్ 26, శుక్రవారం

వచ్చింది! అయిదు, నాలుగు!

ఆరు కాదు, అయిదు. ఆ దువ్విన గొంతాయన ఒకరిని లాక్కున్నాడన్నమాట. ఎవరి వాక్యాలతో లాక్కున్నాడో నేను ఆలోచించను. ఆఖరి సభ్యురాలు చెయ్యి ఎత్తడానికి ముందు నీళ్ళు తాగింది. ఆవిడ గ్లాసు కింద పెట్టేదాకా నా గుండె నా దగ్గర లేదు. అక్క నా మణికట్టు పట్టుకుని తెర కింద అక్షరాలు చూస్తోంది. 'ఆమోదం' అని పడగానే నా చెయ్యి విసిరి కొట్టి, లేచి, గది మధ్యలో నిలబడి "అబ్బ!" అంది. పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు.

ఎన్ని వారాల తర్వాతో ఈ రోజు ఆకలేసింది. రొట్టె, గుడ్లు, ఏది దొరికితే అది తిన్నాం. గుడ్లు ఎక్కువే ఉడికాయి. ఎంత బాగున్నాయో.

ఏడూ ఇరవైకి 'అయితే' పంపించాను. ఏడూ నలభైకి 'కాకపోతే'లో ఒక మాట సరిచేసి అది కూడా పంపించాను. అచ్చుకాని దానిలోనైనా తప్పు ఉండకూడదు. నా అలవాటు అంతే.


జూన్ 27, శనివారం

పొద్దున్న ఆరున్నరకే ఎడిటరు గారి ఫోన్. "మేడం, పేపర్ చూశారా?"

మొదటి పేజీలో పెద్దక్షరాలతో 'తాళాల నిబంధనకు ఆమోదం'. ఆరో పేజీలో నా ఫొటో కింద మొదటి వాక్యం: 'తాళాల నిబంధన ఈ సాయంత్రం చనిపోయింది. చంపినవాళ్ళలో నేనూ ఉన్నాను.'

కిందకి చదవలేదు. నాకు తెలుసు కదా ఏముందో. 'మా అక్క డ్రైవింగ్ నేర్పుతుంది. ఆమెకు కావలసిన చెవి మిషన్ ఒక బల్ల సొరుగులో సిద్ధంగా ఉంది. దానికీ ఆమెకూ మధ్య ఉన్నది ఒక అంకెల వరస. అది ఇవ్వక్కర్లేదని మార్చిలో ఇదే చోట వాదించాను. నిబంధనలో నాలుగు పేజీలే చదివాను. ఆ వారం వేరే విషయం దొరకలేదు, స్క్రూడ్రైవర్ల సర్కారు అన్న మాట మాత్రం దొరికింది. ఆ మాట వదులుకోవడం ఇష్టం లేక దాని చుట్టూ కాలమ్ కట్టాను. ఈ సంగతి అక్కకు ఇంతవరకూ చెప్పలేదు.' ఇంకా ఉంది.

తల కొట్టేసినట్టవ్వాలి న్యాయానికి. కుర్చీలో కూర్చుని ఆ సిగ్గు వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. భుజాలు దిగాయి. ఆరేళ్ళుగా భుజాలు అంత పైకి పెట్టుకుని కూర్చుంటున్నానని నాకే తెలియదు.

పది గంటలకల్లా మెయిల్లో నలభై ఏడు ఉత్తరాలు. బతికున్నదానికి సంతాపం రాసిందని సగం మంది నవ్వారు. మిగతా సగం తమ అమ్మదో నాన్నదో ఏ మిషన్ పాడైందో రాశారు.

అక్క డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళిపోయింది, శనివారం సగం పూట. పేపర్ నేను మడిచి పెట్టినట్టే బల్ల మీద ఉంది. చదవదు కదా.

మధ్యాహ్నం ఇంకో ఫోన్. పేజీలాయనకు మెమో ఇస్తారట. యజమాని చాలా కోపంగా ఉన్నాడట.


జూన్ 29, సోమవారం

ఆఫీసుకు వెళ్ళాను. ఎడిటరు గారి గదిలో, ఆయన కూర్చోమనేలోపే చెప్పేశాను. తప్పు పేజీలాయనది కాదు, చివర పంపింది నేనే, 'కాకపోతే'ని ఆఖరున పంపింది నేనే.

"ఎందుకు పంపారు మేడం, ఫలితం తేలాక?"

"ఒక మాట సరిచేశాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మెమో నా పేరు మీదకు మారింది. ఆరేళ్ళలో మొదటి మెమో, పుచ్చుకున్నాను. 'అయితే'ని వచ్చే శనివారం వేద్దామా అని అడిగారు. వద్దన్నాను. కొత్తది రాస్తాను, పద్నాలుగో క్లాజు గురించి. ఆ మూడు ప్రతుల ఫారం పెట్టినవాణ్ణి వదిలిపెట్టేది లేదు. నిబంధన మంచిదైతే దాని భాష ఇంత దరిద్రంగా ఉండాలా? ఈసారి నూట పన్నెండు పేజీలూ చదివి మరీ తిడతాను.

వచ్చేటప్పుడు పేజీలాయన దగ్గర ఆగి క్షమించమన్నాను. నాదేం పోయిందమ్మా, గోడ మీది కాగితం నన్ను కాపాడింది అన్నాడు. తర్వాత తెర వైపు చూస్తూనే, మామూలుగా అడిగాడు.

"ఏ మాటమ్మా మార్చింది? రెండు సార్లు వచ్చింది కదా ఆ 'కాకపోతే'."

గుర్తులేదన్నాను. ఆయన తల ఊపి, నాకు టీ తెప్పించాడు.


జూన్ 30, మంగళవారం

చెరిపేయలేదు. నోటీసు తీసేశారు. పొద్దుటి నుంచి పదిసార్లు చూశాను, లేదు.


జూలై 3, శుక్రవారం

కోడ్ వచ్చింది. పదహారు అంకెలు. రిపేరావిడ ఒక్కొక్కటీ పైకి చదువుతూ కొట్టింది. ఆవిడకు ఇప్పుడు నేనెవరో తెలుసు. రాగానే ఒక స్క్రూడ్రైవరూ, విప్పి పెట్టిన పాత మిషన్ మూతా నా ముందు పెట్టి కూర్చోమంది. ఒక్క స్క్రూ బిగించడానికి నాకు ఆరు నిమిషాలు పట్టింది, రెండుసార్లు కింద పడేశాను. ఆవిడ భూతద్దంలోంచి నా చేతులే చూస్తూ కూర్చుంది. బిగించాక, ఊఁ అంది. క్షమాపణ అడుగుదామని చాలా మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను, అవేవీ అక్కర్లేకపోయింది.

మిషన్ అక్క చెవి వెనక పెట్టింది. అక్క కళ్ళు మూసుకుంది. తెరిచింది. అటూ ఇటూ చూసింది.

"ఇన్ని గడియారాలున్నాయా ఇక్కడ?" అంది, మెల్లగా. నెల తర్వాత మొదటిసారి మెల్లగా. ముందు కొట్లోంచి టిక్కుటిక్కుమంటున్నాయి. నాకు అప్పటిదాకా వినపడనే లేదు. అక్కడే, రిపేరావిడ ముందే, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆవిడ నాకు భూతద్దం తుడిచే గుడ్డ ఇచ్చింది.

ఇంటికి అక్కే నడిపింది. వీధి మలుపులో గేరు మార్చి మొహం చిట్లించింది. రెండో గేరులో గరగరమంటోంది, నెల రోజులుగా ఎవరూ చెప్పలేదేమని నన్ను తిట్టింది. నాకేం తెలుసు, నేను పక్క సీట్లో కూర్చునేదాన్ని. తిట్లు ఎంత హాయిగా ఉన్నాయో.

సిగ్నల్ దగ్గర ఆగాక, రోడ్డు వైపే చూస్తూ అంది: "నీ స్క్రూడ్రైవర్లది మార్చిలోనే చదివాను."

"నువ్వు చదవవు కదా."

"శనివారం శనివారం స్కూల్లో టీ తాగేటప్పుడు చదువుతాను. ఇంట్లో చదివితే నా మొహంలోకే చూస్తూ కూర్చుంటావు నువ్వు." పచ్చ లైటు పడింది. బండి కదిలించింది. "బాగుందనుకున్నానే. నవ్వాను కూడా. అప్పుడు నా మిషన్ బాగానే ఉందిగా మరి."

సీటు బెల్టు సరిచేసుకున్నాను.

"టీవీ ఆపినప్పుడు చెప్తావనుకున్నా. పుస్తకం నీ ముందు పెట్టినప్పుడు చెప్తావనుకున్నా. పేపర్లో చెప్పావు." మూడో గేరు వేసింది, విన్నది, తృప్తిగా తల ఊపింది. "సర్లే. చెప్పావు కదా."


జూలై 4, శనివారం

అక్క కొత్త కాలమ్ ఇంట్లోనే చదివింది, నా ఎదురుగా, కావాలనే మొహంలో ఏమీ కనపడనివ్వకుండా. పద్నాలుగో క్లాజు దగ్గర ఒక్కసారి పెదవి కదిలింది. పొద్దుటి నుంచి ఇద్దరం గుడ్ల గురించి పోట్లాడుకుంటున్నాం.

పేజీలాయన అడిగినదానికి ఇక్కడైనా జవాబు రాయాలి. నిన్న రెండు 'కాకపోతే'లూ తెరిచి, పక్కపక్కన పెట్టి, మొదటి అక్షరం నుంచి ఆఖరి చుక్క దాకా చూశాను. నేను ఏ మాటా మార్చలేదు.